ఉప్పుడు మిల్లులో సుస్థిరత: ముందు కాటా, తరువాతే యంత్రాలు

ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురం పరిసరాల్లో ఉప్పుడు బియ్యం మిల్లు నడుపుతున్న మనవారిలో చాలామంది, సుస్థిరత (వృథా, కాలుష్యం లేకుండా మిల్లు నడపడం) అనగానే కప్పు మీద సౌర ఫలకాలకు ఎంతవుతుందో లెక్క వేయిస్తారు. నా దృష్టిలో అది చివర చేయవలసిన పని. మొదట కావలసినవి ఒక కాటా, ఒక లెక్కల పుస్తకం.

వంద కిలోల ధాన్యం ఆడిస్తే సుమారు 20 కిలోల ఊక, 8 కిలోల వరకు తవుడు వస్తాయి. ఊక కాలిన తరువాత అందులో దాదాపు ఐదో వంతు బూడిదగా మిగులుతుంది. టన్ను ధాన్యానికి బాయిలరు ఎంత ఊక తింటున్నదో రోజూ రాయించండి. ఆ అంకె పెరిగితే తడిసిన ఊక, కారుతున్న వాల్వులు, తొడుగు లేని ఆవిరి గొట్టాలు, వృథాగా పారబోస్తున్న వేడినీళ్లు, వీటిలో ఏదో ఒకటి కారణమై ఉంటుంది. గుప్పెడు బూడిదను చల్లారాక తెల్లకాగితం మీద పోసి చూడండి: నల్లగా ఉంటే ఊక పూర్తిగా కాలలేదు, అంటే గాలి చాలకపోవడమో, ఊక మరీ జోరుగా పడడమో జరుగుతున్నది. అలాగని గాలిని అతిగా పెంచితే వేడి పొగగొట్టంలోంచి పోతుంది, కాబట్టి కొద్దికొద్దిగా సర్దాలి. బూడిదను తడిపి, కప్పి ఉంచి, ఇటుకల తయారీదారులకు ఇవ్వండి. రోడ్డు పక్కన గుమ్మరిస్తే పొరుగువారి కళ్లలోకే చేరుతుంది.

ధాన్యం నానబెట్టిన నీటిని కాలువలోకి వదిలితే అది పులిసి కంపు కొడుతుంది, చెరువులో ప్రాణవాయువు తగ్గి చేపలు చస్తాయి. చన్నీళ్లలో రోజుల తరబడి నానబెట్టే బదులు వేడినీళ్లలో కొన్ని గంటలు నానబెడితే పులియడం తగ్గుతుంది. 1974 నాటి జల కాలుష్య చట్టం ప్రకారం ఒడిశా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఎలాగూ తప్పదు, కనుక నీటి శుద్ధికి స్థలం ముందే కేటాయించండి.

పచ్చిబియ్యం కూడా ఆడించే మిల్లులో ఆ తవుడును విడి సంచుల్లో పట్టించాలి. అందులోని ఎంజైమ్ నూనెను గంటల్లోనే చెడగొట్టడం మొదలుపెడుతుంది, కనుక అదే రోజు నూనె మిల్లుకు పంపాలి. ఉప్పుడు తవుడులో ఆ ఎంజైమ్ ఆవిరి వేడికే చచ్చిపోతుంది కాబట్టి అంత తొందర లేదు.

కొరాపుట్ కాలాజీరా బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానిని వేరే బియ్యంతో కలపకుండా ఆడించడం, రైతు ఎదుటే తూచడం కూడా సుస్థిరతలో భాగమే. హమాలీలకు దుమ్ము పడకుండా ముసుగులివ్వడాన్ని దానధర్మంగా లెక్కకట్టనక్కరలేదు.

ఖాళీగా తిరిగే మోటార్లను ఆపించి, వదులైన బెల్టులను బిగించిన తరువాత వచ్చిన కరెంటు బిల్లును చూపించి, అప్పుడు సౌర ఫలకాలకు ధర అడగండి.