షూరిటీ సంతకం పెట్టనని చుట్టాలకు చెప్పడం ఎలా

ఇంట్లో ఒకరికి ప్రభుత్వ ఉద్యోగం వచ్చిందంటే చాలు, షూరిటీ అడిగేవాళ్లు వరస కడతారు. చిట్టీ పాడుకున్న బావమరిది, ఇంటి లోనుకు వెళ్లిన బాబాయి, పక్క సీటు కొలీగు. అందరిదీ ఒకటే మాట: “ఊరికే ఫార్మాలిటీ, ఒక్క సంతకం.” ఇష్టం లేకపోయినా మొహమాటానికి పెట్టేసేవాళ్లే ఎక్కువ.

ఆ సంతకం బరువెంతో తెలిస్తేనే మాటలో పట్టు వస్తుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో హామీదారుడిదీ అంతే. ముందు అతని ఆస్తి అమ్మించి, ఇంకా బాకీ మిగిలితేనే మీ దగ్గరకు రావాలనేం లేదు, నేరుగా మీ మీదకే రావచ్చు. డిక్రీ, అంటే బాకీ కట్టమని కోర్టు తీర్పు, అయితే జీతం అటాచ్ చేస్తారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కింద మొదటి 1000 రూపాయలు, మిగిలిన దాంట్లో మూడింట రెండు వంతులు మీకు వదిలేసి తక్కినది పట్టుకోవచ్చు. రేపు మీరు లోనుకు వెళ్లినప్పుడు మీ సిబిల్ రిపోర్టులో, అంటే బ్యాంకులు చూసే మీ అప్పుల చిట్టాలో, ఈ హామీ కూడా కనిపించవచ్చు. ఇదంతా మీరు తెలుసుకోవడానికే. అడిగినవాళ్ల ముందు సెక్షన్లు వల్లించకండి, వాదన పెరుగుతుంది.

ఎవరూ అడగకముందే

భార్యాభర్తలు కూర్చుని రెండు విషయాలు తేల్చుకోవాలి. ఒకటి, ఎవరికీ షూరిటీ పెట్టం అన్న నియమం. పిల్లల చదువు లోను లాంటివి మినహాయింపు అనుకుంటే అదీ ఇప్పుడే అనుకోండి. రెండు, దగ్గరివాళ్లు నిజంగా కష్టంలో ఉంటే, తిరిగి రాకపోయినా బాధపడకుండా ఎంత ఇవ్వగలరో ఆ అంకె. అంకె ముందే ఉంటే మాట తడబడదు.

తర్వాత చెప్పాల్సిన వాక్యం తయారు చేసుకోండి. రెండు ముక్కలు మించకూడదు. పెద్దవాళ్లకైతే: “మావయ్యా, నేను షూరిటీ సంతకాలు పెట్టనండి. మీరేమీ అనుకోకండి.” ఈడువాళ్లకైతే: “బావా, నేను ఎవరికీ షూరిటీ పెట్టను.” మర్యాదంతా ఆ పిలుపులో, ఆ ‘అండి’లో ఉంది కాబట్టి మిగతా మాట సూటిగా ఉన్నా కటువుగా వినపడదు. “ఏమీ అనుకోకండి” ఒక్కసారే అనాలి. మళ్లీ మళ్లీ అంటే తప్పు చేస్తున్నట్టు మీరే ఒప్పుకున్నట్టు.

ఈ వాక్యాన్ని ఓ పదిసార్లు పైకి అనండి. ఫోన్లో రికార్డు చేసుకుని వినండి. మధ్యలో “అంటే… అదీ…” దొర్లుతోందా, చివర గొంతు ప్రశ్న అడిగినట్టు పైకి లేస్తోందా చూసుకోండి. చిన్నచోట్ల అలవాటు చేసుకోవడం ఇంకా మంచిది. చిల్లర బదులు చాక్లెట్ ఇస్తే “చాక్లెట్ వద్దండి, చిల్లర ఇవ్వండి” అనండి. టైలరు రేపు రమ్మంటే “రేపు ఎన్నింటికి?” అని టైము తీసుకోండి.

ఎక్కడ బెడిసికొడుతుంది

కారణం చెప్పిన చోట. “ఇప్పటికే ఒకరికి పెట్టాను” అంటే, “పర్లేదు, ఇద్దరికి పెట్టొచ్చట, మేనేజర్ని అడిగాను” అని సమాధానం రెడీగా ఉంటుంది. “పే స్లిప్పు ఆఫీసులో ఉంది” అంటే సాయంత్రం ఆఫీసుకే వస్తారు. “మా ఆవిడ ఒప్పుకోదు” అన్నది వీటన్నిటికంటే అన్యాయం. పని తప్పదు సరికదా, వచ్చే పండక్కి అందరి నోళ్లలో ఆమె పేరే నానుతుంది. నియమానికి కారణం అక్కర్లేదు.

అంతకంటే నష్టం చేసేది “చూద్దాంలే”. అవతలివాళ్లు దాన్ని సరే అనే లెక్క వేసుకుంటారు, ఇంకో మనిషిని వెతకడం మానేస్తారు, లోను మంజూరయ్యే ముందురోజు కాగితాలతో గుమ్మంలో నిలబడతారు. అప్పుడు కాదంటే వాళ్ల పని నిజంగానే చెడుతుంది. అందుకే అడిగిన రోజే, ఆ కాఫీ కప్పు ఖాళీ అయ్యేలోపే చెప్పేయాలి. వాట్సాప్‌లో అడిగినా ఊరుకోకండి, ఫోన్ చేసి చెప్పండి.

ఒక్కసారి చెబితే ఎవరూ వదలరు. మూడు నాలుగుసార్లు అదే మాట అనడానికి సిద్ధపడండి.

“అల్లుడూ, అంతా అయిపోయింది, నీ సంతకం ఒక్కటే ఆగింది.”
“నేను షూరిటీ సంతకాలు పెట్టను మావయ్యా.”
“మేమేమన్నా పరాయివాళ్లమా?”
“కాదండి. సొంతవాళ్లకైనా పెట్టను.”
“మీ నాన్న ఉంటే ఇలాగే అనేవాడా?”
“మీకు ఇబ్బందేనని తెలుసు మావయ్యా. షూరిటీ మాత్రం పెట్టను.”

అల్లుడు నాన్న సంగతికి జవాబు చెప్పలేదు, గమనించండి. చెప్పుంటే మాట నాన్న మీదకు, అక్కణ్నుంచి పాత పెళ్లిళ్ల దాకా వెళ్లేది. అవతలి ఇబ్బందిని ఒప్పుకుని, తన వాక్యం దగ్గరకే వచ్చాడు. ఆ తర్వాత మౌనంగా ఉండాలి. మనసులో నాలుగు లెక్కపెట్టండి. ఆ నిశ్శబ్దం భరించలేక చాలామంది “పోనీ…” అని మొదలుపెడతారు. ఆ “పోనీ” దగ్గరే చేతిలోకి పెన్ను వస్తుంది. మీరు ముందే అనుకున్న అంకె ఉంటే ఇప్పుడు చెప్పండి: “పదివేలు సర్దగలను, అంతవరకే.” బేరానికి పెంచకండి.

ఇక్కడ కుదరకపోతే మీ అమ్మ ద్వారా వస్తారు. వాళ్లు వెళ్లకముందే ఆమెకు ఫోన్ చేయండి: “అమ్మా, మావయ్యకు పెట్టనని చెప్పేశాను. నిన్నడిగితే ‘వాణ్నే అడుగు’ అను.”

సాక్షి సంతకమేనంటూ

“షూరిటీ కాదు, సాక్షి సంతకమే” అని బ్యాంకుకు తీసుకెళ్లేవాళ్లూ ఉన్నారు. సంతకం గీత దగ్గర ఏం రాసుందో చూడండి. హామీదారు, గ్యారంటర్, షూరిటీ, కో-అప్లికెంట్, వీటిలో ఏదున్నా సాక్షి కాదు. కౌంటరు దగ్గర నలుగురూ చూస్తుంటే ఒత్తిడి ఎక్కువే. “చదవకుండా పెట్టనండి” అని కాగితాలు పట్టుకుని పక్క బెంచీ మీద కూర్చోండి. సంతకం చేసిన ఖాళీ చెక్కు మాత్రం ఎవరికీ ఇవ్వద్దు. బాకీ కింద ఇచ్చిన చెక్కు ఖాతాలో డబ్బు చాలక బౌన్సయితే, నోటీసు అందాక కూడా కట్టకపోతే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా పడవచ్చు.

కాదన్నాక కొన్నాళ్లు మొహం తిప్పుకుంటారు. తర్వాతి శుభకార్యానికి వెళ్లండి, ముందు మీరే పలకరించండి, సంతకం ఊసు మాత్రం ఎత్తకండి.

ఇప్పటికే పెట్టేసి ఉంటే, నడుస్తున్న లోను నుంచి “నేను తప్పుకుంటున్నా” అని ఉత్తరం రాసినంత మాత్రాన బయటపడలేరు. బదులు మరో హామీదారుణ్ని పెట్టడానికి బ్యాంకు ఒప్పుకోవాలి. అది అడగండి. వాయిదాలు ఎన్ని కట్టాడో స్టేట్‌మెంట్ చూపించమని అప్పు తీసుకున్నవాణ్నే మూడు నెలలకోసారి అడగండి. అలా అడగడం అనుమానించడమేం కాదు, ఆ అప్పులో మీరూ ఉన్నారు.