కడుపుతో ఉండగా ఇల్లు మారుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

కడుపులో బిడ్డకు కాపలాగా ‘తైషెన్’ అనే దేవత ఉంటుందని చైనీయుల నమ్మకం. ఒకరోజు తలుపు దగ్గర, ఇంకోరోజు మంచం దగ్గర, మరోరోజు పొయ్యి దగ్గర. ఆ చోటు కదిపితే బిడ్డకు కీడని పెద్దవాళ్ల భయం. కడుపుతో ఉంటే గృహప్రవేశం వద్దనే మాట మనలోనూ ఉంది కాబట్టి, చైనీయుల ఇరుగుపొరుగున ఉండే సింగపూర్, మలేషియాల్లోని మనవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

మారక తప్పకపోతే:

• వాళ్ల పంచాంగం ‘తుంగ్‌షింగ్’లో తైషెన్ ఆ రోజు ఎక్కడుందో చూసి, మంచి రోజు ఎంచుకుంటారు.

• గర్భిణి ఉన్న ఇంట్లో మేకులు కొట్టరు, డ్రిల్లింగ్ పెట్టరు, మంచం జరపరు. జరపాల్సే వస్తే ముందు కొత్త చీపురుతో ఊడుస్తారు.

• సామాను సర్దే రోజు ఆమెను వేరే ఇంట్లో ఉంచుతారు. నమ్మినా నమ్మకపోయినా దీన్ని పాటించండి. దుమ్ము, బరువులు, స్టూళ్లు ఎక్కడం అన్నీ తప్పుతాయి.

• కొత్త ఇంటికి రంగులు వేస్తే వాసన పూర్తిగా పోయాకే ఆమెను తీసుకెళ్లండి.

• స్కాన్ రిపోర్టులు, మందులు లారీలో వేయొద్దు, చేతిసంచిలోనే ఉండాలి. దగ్గర్లో కాన్పు ఆసుపత్రి ఏదో ముందే చూసుకోండి.

• ఇప్పటికే మేకు కొట్టేశారా? టెన్షన్ వద్దు. దానివల్ల బిడ్డకు హాని జరుగుతుందనడానికి వైద్యపరంగా ఆధారం లేదు. ఆ తల్లిని ఎవరూ తప్పుపట్టకండి.

• రక్తస్రావం, ఆగని కడుపునొప్పి, ఉమ్మనీరు పోవడం, వీటిలో ఏది కనిపించినా తిథీ వారం చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.