చేపల ప్రజనన అధ్యయనం - 5వ పాఠం: ఒక్క విడతలో ఎన్ని గుడ్లు?

గత పాఠంలో అండాశయం దశలను కంటితో గుర్తించడం నేర్చుకున్నాం. అందులో ఇంకా తడబాటు ఉంటే ముందు దాన్నే మళ్లీ చదవండి. ఈ పాఠంలోని లెక్క మొత్తం ఆ చూపు మీదే ఆధారపడుతుంది.

మన నమూనా కానాగంత అనే సముద్రపు చేప. పండిన అండాశయం నుంచి చిన్న ముక్క తీసి, విడదీసి, సూక్ష్మదర్శిని కింద పరవండి. గుడ్లన్నీ ఒకే పరిమాణంలో ఉండవు. ఇంకా ఎదగని చిన్నవి కొన్ని, పచ్చసొన నిండి వెలుతురు చొరనివి కొన్ని కనిపిస్తాయి. నీరు పీల్చుకుని ఉబ్బి, గాజుపూసల్లా పారదర్శకంగా మారినవి మరికొన్ని. ఈ చేప ఒకేసారి కాక విడతలవారీగా గుడ్లు విడుస్తుంది కాబట్టి, తర్వాతి విడతలో బయటికి వచ్చేవి ఈ పారదర్శకమైనవే. వాటిని మాత్రమే లెక్కించాలి. కొత్తవారు కనిపించిన ప్రతి గుడ్డునూ లెక్కిస్తారు. అలా ఎంత శ్రద్ధగా లెక్కించినా ఆ అంకెకు అర్థం ఉండదు.

గుడ్లు ఇలా ఉబ్బిన స్థితిలో ఉండేది విడుదలకు ముందు కొన్ని గంటలే. అందుకే ఇలాంటి ఆడచేపలు వలలో అరుదుగా దొరుకుతాయి. దొరికినా, పొట్ట నొక్కగానే గుడ్లు జారిపోయే చేపను పక్కన పెట్టండి. అది అప్పటికే కొన్నింటిని వదిలేసి ఉండవచ్చు, లెక్క తక్కువగా తేలుతుంది. గడ్డకట్టించిన చేప కూడా ఈ పనికి రాదు, మంచు స్ఫటికాలు గుడ్లను చిట్లగొడతాయి.

ఇక పద్ధతి. రెండు అండాశయాలనూ తీసి, తడి అద్ది, తూకం వేయండి. ముందు, మధ్య, వెనుక భాగాల నుంచి ఒక్కో ముక్క కోసి, విడివిడిగా తూచి, పారదర్శకమైన గుడ్లను లెక్కించండి. ఫార్మలిన్‌లో (నమూనా కుళ్లకుండా ఉంచే ఘాటైన రసాయన ద్రావణం) నిల్వ చేస్తే బరువు మారుతుంది. కాబట్టి అండాశయాన్నీ ముక్కలనూ ఒకే స్థితిలో తూచాలి. ఫార్మలిన్ వాడేటప్పుడు చేతి తొడుగులు, గాలి ఆడే గది తప్పనిసరి.

ఉదాహరణకు అండాశయాల మొత్తం బరువు 12 గ్రాములు అనుకుందాం. 0.10 గ్రాముల ముక్కలో 212, 0.12 గ్రాముల ముక్కలో 250, 0.11 గ్రాముల ముక్కలో 231 గుడ్లు వచ్చాయి. గ్రాముకు వరుసగా 2,120, 2,083, 2,100. సగటు 2,101. దాన్ని 12తో గుణిస్తే సుమారు 25,200 గుడ్లు. ఇది ఒక విడత సంఖ్య. అండాశయం తీసేసిన చేప బరువు 140 గ్రాములైతే, శరీర బరువులో గ్రాముకు 180 గుడ్లు. వేర్వేరు సైజుల చేపలను పోల్చడానికి ఈ రెండో అంకే పనికొస్తుంది.

మూడు ముక్కల ఫలితాలు ఒకదానికొకటి బాగా దూరంగా ఉంటే సగటు తీసి సర్దుకోకండి, మరో మూడు ముక్కలు కోయండి.

ఈ 25,200ను ఏడాది మొత్తానికి అంటగట్టకూడదు. అందుకు ఒక రుతువులో చేప ఎన్ని విడతలు గుడ్లు విడుస్తుందో తెలియాలి. విడుదల తర్వాత అండాశయంలో మిగిలే ఖాళీ పుటికలను (గుడ్లను చుట్టి ఉండిన పొరలను) చూసి ఆ సంఖ్యను అంచనా వేయడం 6వ పాఠంలో.

అభ్యాసం: అండాశయాలు 9 గ్రాములు, 0.15 గ్రాముల ముక్కలో పారదర్శకమైన గుడ్లు 300, పచ్చసొన నిండినవి 410. విడత సంఖ్య ఎంత?