కొత్తవాళ్లకు బోర్డ్ గేమ్ నేర్పడం ఎలా?

మొదటిసారి ముగ్గురిని కూర్చోబెట్టి 'కటాన్' నేర్పినప్పుడు నేను రూల్స్ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివి వినిపించాను. నలభై నిమిషాలు పట్టింది. తలెత్తి చూసేసరికి ఒకరు ఫోన్‌లో మునిగిపోయారు, ఒకరు ఆటలోని చెక్క ముక్కలతో గోపురం కడుతున్నారు. మూడో ఆయన మాత్రం ఓపిగ్గా అడిగాడు: "అంతా బాగానే ఉంది గానీ, ఇంతకీ గెలవాలంటే ఏం చేయాలి?" అందరికంటే ముందు పది పాయింట్లు తెచ్చుకోవాలి, అంతే. మొదటి నిమిషంలో చెప్పాల్సిన ఆ ముక్క అసలు చెప్పనే లేదు.

లూడో, మోనోపలీ దగ్గర ఆగిపోయినవాళ్లు ఈ కొత్త ఆటల వైపు రాకపోవడానికి ఆట కష్టంగా ఉండటం కారణం కాదని నాకు ఆ రోజు అర్థమైంది. నేర్పేవాళ్ల ధాటికి తట్టుకోలేక పారిపోతారు. పెట్టె మీదైతే నేర్పే పనీ మీదే కాబట్టి, ఇన్నేళ్లలో నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను.

1. ముందు మనుషుల్ని చూసి, తర్వాత ఆట తీయండి

మీకు బాగా నచ్చిన ఆటనే ముందు తీయాలనిపిస్తుంది. తీయకండి. మీకది నచ్చింది యాభై సార్లు ఆడాక. కొత్తవాళ్లకు కావాల్సింది ఒక వంతులో రెండు మూడు పనుల్లోంచి ఒకటి ఎంచుకుంటే సరిపోయే ఆట, గంట గంటన్నరలో తేలిపోయే ఆట.

పోటీ ఆటల్లో నా ఓటు 'టికెట్ టు రైడ్'కి. అలన్ ఆర్. మూన్ రూపొందించిన ఈ ఆట 2004లో వచ్చింది. అదే ఏడాది జర్మనీలో 'స్పీల్ డెస్ యారెస్' అవార్డు గెలిచింది. 1979 నుంచి ఇస్తున్న ఈ అవార్డు ఎక్కువగా ఇంటిల్లిపాదీ ఆడుకోగల ఆటలకే వస్తుంది. ఏది కొనాలో తోచకపోతే ఆ విజేతల జాబితా చూడండి. 1995లో కటాన్, 2001లో కార్కసోన్, 2018లో అజూల్ అలా గెలిచినవే.

ఓడిపోతే ముఖం మాడ్చుకునేవాళ్లు, తన దారికి అడ్డొచ్చారని నిజంగానే అలిగేవాళ్లు గుంపులో ఉంటే సహకార ఆట మంచిది. అందులో ఆటగాళ్లంతా ఒక జట్టు, ఎదురుగా ఉండేది ఆట. గెలిచినా ఓడినా అందరూ కలిసే. మ్యాట్ లీకాక్ 2008లో తెచ్చిన 'పాండమిక్' ఈ తరహాకు పెద్ద పేరు తెచ్చింది. ఆయనదే 2010 నాటి 'ఫర్బిడెన్ ఐలండ్' ఇంకా చిన్నది, తేలిక. పిల్లలు కూడా ఉంటే దానితోనే మొదలుపెట్టండి.

పెట్టె తెరిచే ముందు తలలు లెక్కపెట్టుకోవాలి. మామూలు కటాన్ పెట్టెతో ఆడగలిగేది ముగ్గురు లేదా నలుగురు. పాండమిక్ ఇద్దరి నుంచి నలుగురికి, టికెట్ టు రైడ్ ఐదుగురి దాకా. ఐదో మనిషిని "నువ్వు చూస్తూ ఉండు" అనడం కంటే ఆట మార్చడం నయం.

2. ఒక్కరే కూర్చుని రిహార్సల్ వేయండి

ఈ పని చాలామంది చేయరు, నేనూ చాలాకాలం చేయలేదు. ముందురోజు బోర్డు పరిచి, ఇద్దరు ఆటగాళ్లూ మీరే అయి నాలుగైదు వంతులు ఆడండి. రూల్స్ చదివినప్పుడు అర్థమైనట్టే ఉంటుంది, చేతిలోకి కార్డులు వచ్చాక సందేహాలు పుడతాయి. ఆ సందేహాలే రేపు కొత్తవాళ్లు అడుగుతారు. వీడియోలు చూడటం తప్పేం కాదు గానీ, ఎడిషన్ మారితే చిన్న చిన్న రూల్స్ మారుతుంటాయి. తేడా వస్తే మీ పెట్టెలో ఉన్న పుస్తకం మాటే చెల్లుతుంది.

3. వాళ్లు వచ్చేసరికి బోర్డు సిద్ధంగా ఉండాలి

కార్డులు కలిపి, టోకెన్లు రంగులవారీగా వేరు చేసి ఉంచండి. ప్లాస్టిక్ కవర్లు చింపుతూ రూల్స్ చెబితే ఎవరూ వినరు.

4. గెలుపు నుంచి వెనక్కి చెప్పుకుంటూ రండి

చెప్పే వరస ఇదీ: మనం ఎవరం, ఎలా గెలుస్తాం, ఆట ఎప్పుడు అయిపోతుంది, నా వంతులో ఏం చేయొచ్చు. మిగతావన్నీ ఆడుతూ చెప్పొచ్చు. టికెట్ టు రైడ్‌ను నేను ఇలా చెబుతాను:

"మనమంతా రైలు మార్గాలు వేస్తున్నాం. చివరికి ఎక్కువ పాయింట్లున్నవాళ్లు గెలిచినట్టు. మీ చేతిలోని టికెట్ మీద రెండు ఊళ్లుంటాయి. వాటిని మీ రైళ్లతో కలిపితే ఆ టికెట్ మీదున్న పాయింట్లు మీవి, కలపలేకపోతే అన్ని పాయింట్లూ పోతాయి. ఒక్కొక్కరికి 45 రైలు పెట్టెలు. ఎవరి దగ్గరైనా రెండో అంతకంటే తక్కువో మిగిలితే, ఆ మనిషితో సహా అందరికీ ఇంకొక్క వంతు వస్తుంది, అక్కడితో ఆట సరి. మీ వంతులో మూడింటిలో ఒక్క పనే చేయాలి: రంగు కార్డులు తీసుకోవడం, కార్డులు కట్టి ఒక దారి వేసుకోవడం, లేదా కొత్త టికెట్లు తీసుకోవడం."

రెండు నిమిషాలు కూడా పట్టదు. దీని తర్వాత ఒక్క విషయం మాత్రం తప్పకుండా కలపండి. ఒక పెట్టె దారికి 1 పాయింట్, రెండింటికి 2, మూడింటికి 4, నాలుగింటికి 7, ఐదింటికి 10, ఆరింటికి 15. అంటే పొడవాటి దారి ఒకటి, పొట్టి దారులు ఆరింటికంటే ఎంతో విలువైనది. ఇది ముందే తెలిస్తే కొత్తవాళ్లకు వేసే ప్రతి దారిలోనూ ఒక లెక్క కనిపిస్తుంది. ఎదురుగా తెరిచి ఉన్న ఇంజిన్ కార్డు (ఏ రంగుకైనా పనికొచ్చేది) తీసుకుంటే ఆ వంతులో రెండో కార్డు రాదనే లాంటి సంగతులు, ఎవరైనా దాని మీద చెయ్యి వేసినప్పుడు చెప్పండి.

చెబుతున్నంతసేపూ చేతులు ఊరికే ఉండకూడదు. కార్డు తీయడం గురించి చెబితే కార్డు తీసి చూపించండి. "ఈ నీలం కార్డులు నాలుగు ఇలా పడేసి, నాలుగు పెట్టెలు ఇక్కడ పెడతాను" అని పెట్టి చూపిస్తే అర పేజీ రూల్స్ చెప్పే పని తప్పుతుంది.

కటాన్‌కు మాత్రం ఒక జాగ్రత్త. ఆ ఆటలో మొదటి రెండు ఇళ్లు ఎక్కడ కట్టుకున్నారన్నదే సగం ఆట. బోర్డు మీది గడుల్లో అంకెలుంటాయి, పాచికల మీద ఆ అంకె పడితేనే పక్కనున్న ఇంటికి సరుకు దక్కుతుంది. రెండు పాచికలు వేస్తే వచ్చే 36 అవకాశాల్లో 7కి ఆరు, 6కీ 8కీ చెరో ఐదు, 2కీ 12కీ చెరొక్కటే. ఇవేమీ తెలియని కొత్తమనిషి 12 పక్కన ఇల్లు కట్టి గంటంతా ఖాళీ చేతులతో కూర్చుంటాడు. అంకె కింద ఉండే చుక్కలు చూపించి "చుక్కలు ఎక్కువున్న చోట కట్టుకో" అనండి. లేదా రూల్స్ పుస్తకంలో కొత్తవాళ్ల కోసమే ముందుగా అమర్చి ఇచ్చిన బొమ్మ ఉంటుంది, అది చూసి అలాగే పెట్టేయండి. నేనైతే అదే చేస్తాను.

5. సహకార ఆటలో ఓటమిని ముందు చెప్పండి

పాండమిక్‌లో గెలవడానికి ఒకటే దారి: నాలుగు జబ్బులకూ మందు కనిపెట్టాలి. ఓడిపోవడానికి మూడు దారులు. ఎనిమిదోసారి ఏదో ఒక ఊళ్లో జబ్బు కట్టలు తెంచుకుని పక్క ఊళ్లకు పాకితే ఓటమి. ఊళ్లలో జబ్బును చూపించే క్యూబులు ఏ రంగువైనా అయిపోయి, పెట్టాల్సినప్పుడు లేకపోతే ఓటమి. తీయాల్సిన కార్డుల కట్ట అయిపోయినా ఓటమే. ఈ మూడూ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పండి. భయం పుడితేనే ఈ ఆట రుచి తెలుస్తుంది.

వంతు తేలికే: నాలుగు పనులు చేయాలి, రెండు కార్డులు తీయాలి, సోకుడు కార్డులు తీసి, వాటి మీదున్న ఊళ్లకు జబ్బు సోకించాలి. ఆ నాలుగు పనులు ప్రయాణం కావచ్చు, ఒక క్యూబు తీసేయడం కావచ్చు, కార్డు ఇచ్చిపుచ్చుకోవడం కావచ్చు. ఒకే రంగు కార్డులు ఐదు పోగేసి పరిశోధన కేంద్రానికి వెళ్తే మందు దొరుకుతుంది. పాత్రల కార్డులు పంచాక, ఎవరి పాత్ర ప్రత్యేకత ఏమిటో వాళ్లచేతే బిగ్గరగా చదివించండి. "నేను వైద్యుణ్ణి, ఊళ్లోని ఆ రంగు క్యూబులన్నీ ఒకే పనితో తీసేస్తాను" అని తన నోటితో చెప్పినవాడు ఆట అయ్యేదాకా ఆ సంగతి మర్చిపోడు.

ఒక్క రూల్ దగ్గర మాత్రం తొందరపడకండి. అది ఎపిడమిక్ కార్డు. అది వచ్చినప్పుడు సోకుడు కార్డుల కట్ట అడుగు నుంచి ఒకటి తీసి ఆ ఊళ్లో మూడు క్యూబులు పెడతారు. తర్వాత అప్పటిదాకా పడేసిన సోకుడు కార్డులన్నీ కలిపి తిరిగి కట్ట పైనే పెడతారు. దీని అర్థం గ్రహించడానికి కొత్తవాళ్లకు సమయం పడుతుంది. ఇప్పటికే జబ్బు వచ్చిన ఊళ్లే మళ్లీ వస్తాయి. మూడు క్యూబులున్న ఊరికి నాలుగోది రావాల్సి వస్తే, జబ్బు చుట్టుపక్కల ఊళ్లన్నింటికీ పాకుతుంది. కాబట్టి మొదటి ఎపిడమిక్ వచ్చినప్పుడు ఆట ఆపి, కలిపిన కార్డులు పైకి వెళ్లడం అందరికీ చూపించి, "ఇప్పుడు ఏ ఊళ్లు ప్రమాదంలో ఉన్నాయి?" అని అడగండి. జవాబు వాళ్లే వెతుక్కుంటారు.

మొదటి ఆటకు నాలుగే ఎపిడమిక్ కార్డులు వేయండి. ఐదు, ఆరు తర్వాతి సంగతి. ఒక లెక్క కూడా చెప్పండి, టెన్షన్ సరిగ్గా పుడుతుంది. 48 ఊళ్ల కార్డులు, ఐదు ఈవెంట్ కార్డులు, నాలుగు ఎపిడమిక్‌లు కలిపి 57. మొదట పంచేవి పోగా వంతుకు రెండు చొప్పున తీస్తే, ఇద్దరు ఆడినా నలుగురు ఆడినా మొత్తం దాదాపు 24 వంతులే. నలుగురైతే తలా ఆరు. ఊరూరా తిరుగుతూ క్యూబులు ఏరుకుంటూ కూర్చుంటే ఆ ఆరు వంతులూ ఇట్టే అయిపోతాయి. కొత్తవాళ్లు నూటికి తొంభై పాళ్లు చేసే పొరపాటు అదే. కళ్లముందు మంట కనిపిస్తే ఆర్పాలనిపిస్తుంది, కానీ గెలిపించేది మందు.

6. మీ నోరు మీరే కట్టేసుకోండి

సహకార ఆటలకున్న అసలు జబ్బు బోర్డు మీద ఉండదు, బల్ల చుట్టూ ఉంటుంది. ఆట బాగా తెలిసిన ఒకరు పెత్తనం తీసుకుని "నువ్వు అటు వెళ్లు, నువ్వు కార్డు ఇవ్వు" అంటూ నలుగురి ఆటా తానే ఆడేస్తారు. మిగతా ముగ్గురూ పావులు జరిపే చేతులుగా మిగులుతారు. అలా ఆడి గెలిచిన ఒక రాత్రి, ఆట అయ్యాక ఒక స్నేహితురాలు "నువ్వు బాగా ఆడావు" అంది. మెచ్చుకుందనుకున్నాను. ఆమె మళ్లీ ఆ ఆటకు రాలేదు.

అప్పటి నుంచి నాకు నేను పెట్టుకున్న కట్టుబాట్లు కొన్ని ఉన్నాయి. ఎవరి వంతైతే వాళ్లు ముందు మాట్లాడాలి, నేను వాళ్లు అడిగితేనే. అడిగినా ఒకే జవాబు ఇవ్వను. "ఇలా చేస్తే ఇది దక్కుతుంది, అలా చేస్తే అది" అని రెండు దారులు చెప్పి ఊరుకుంటాను. తప్పు చేయబోతున్నారని తెలిసినా, అది రూల్ తప్పు అయితేనే ఆపుతాను. ఎత్తు తప్పు అయితే చేయనిస్తాను. మరీ నాలుక దురద పెడితే, బల్ల మీది కార్డులు అన్నీ లెక్కపెట్టి ఎవరికేం చెప్పాలో నాకు తట్టకుండా, ఎవరి కార్డులు వాళ్ల చేతిలోనే దాచుకోమంటాను. మాటలతో చెప్పుకోవచ్చు, చూపించుకోకూడదు.

ఈ పెత్తనానికి ఆటలోనే విరుగుడు ఉన్న సహకార ఆటలూ ఉన్నాయి. ఆంత్వాన్ బౌజా రూపొందించిన 'హనాబి'లో మీ కార్డులు మీకు తప్ప అందరికీ కనిపించేలా పట్టుకోవాలి. ఇతరులు ఇచ్చే సూచనలే ఆధారం, ఆ సూచనలకూ ఎనిమిది టోకెన్ల లెక్క ఉంటుంది. 'ది క్రూ'లో చేతిలో ఏమున్నాయో చెప్పుకోవడం దాదాపు నిషిద్ధం. పేకాట తెలిసినవాళ్లకు అది గబుక్కున ఎక్కుతుంది. మీ గుంపులో పెద్ద నోరున్న మనిషి ఉంటే (అది మీరే కావచ్చు) ఈ రెంటిలో ఒకటి తీయండి.

7. మొదటి ఆటను ఆటగా లెక్కించకండి

పెట్టె మీద రాసిన సమయానికి సగం అదనంగా కలుపుకోండి. ఎవరైనా ఎత్తు వేసి నాలుక కరుచుకుంటే వెనక్కి తీసుకోనివ్వండి. పోటీ ఆటైతే మీరు ముందుకు దూసుకెళ్లడం తగ్గించండి, కానీ కావాలని ఓడిపోవద్దు. అది అవతలివాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది, పెద్దవాళ్లకు చిన్నతనంగా ఉంటుంది.

పాండమిక్ మొదటి ఆటలో ఓడిపోవడం మామూలే. ఓడాక పెట్టె మూసేయకుండా ఓ ఐదు నిమిషాలు బోర్డును అలాగే ఉంచి, ఎక్కడ చేయి దాటిందో వాళ్లనే చెప్పమనండి. "ఆ నీలం కార్డు ముందే నాకిచ్చి ఉంటే..." అని ఎవరైనా అన్నారంటే కార్డులు మళ్లీ కలపడం మొదలుపెట్టొచ్చు.

తర్వాతిసారి ఎవరైనా కొత్తమనిషి వస్తే, ఆట చెప్పే పని ఆ రోజు నేర్చుకున్నవాళ్లకే అప్పజెప్పండి. మధ్యలో ఏదైనా రూల్ తప్పు చెబితే, ఆ రూల్ అవసరం వచ్చేదాకా కలగజేసుకోకండి.