పచ్చడి పాళ్లు బయటి యూనిట్‌కు చెప్పేముందు ఎన్‌డీఏ (రహస్యాలు బయటపెట్టకూడదన్న ఒప్పందం) ఎలా రాసుకోవాలి?

ఆర్డర్లు పెరిగి ఇంట్లో పచ్చళ్లు కలపడం కుదరక, తయారీని బయటి యూనిట్‌కు అప్పగిస్తున్నారనుకుందాం. పాళ్లు చెప్పక తప్పదు. రేపు అదే రుచి ఇంకో లేబుల్ మీద వస్తే? వ్యాపార రహస్యాలకు ప్రత్యేక చట్టం కావాలని లా కమిషన్ 2024లో తన 289వ నివేదికలో సిఫార్సు చేసింది. అలాంటిది లేనప్పుడు మనకు ప్రధాన ఆధారం 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద రాసుకునే ఒప్పందమే.

మొదట, రహస్యం ఏదో తేల్చుకోండి. నెట్‌లో దొరికే నమూనాల్లో 'సమస్త సమాచారమూ రహస్యమే' అని ఉంటుంది. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది కానీ గొడవ వచ్చినప్పుడు ఏది రహస్యమో మీరే చూపించాలి. ఆవకాయలో ఆవపిండి, కారం, ఉప్పు పడతాయని అందరికీ తెలుసు. మీ పాళ్లు, ముక్క మెత్తబడకుండా చేసే పద్ధతి, కారం ఎవరి దగ్గర ఎంతకు కొంటున్నారు, హోల్‌సేల్ కస్టమర్ల లిస్టు... ఇవీ రాయాల్సినవి. అయితే పాళ్లనే ఒప్పందంలో దించేయకండి, ఆ కాపీ నలుగురి చేతుల్లో తిరుగుతుంది. 'ఫలానా తేదీన ఇచ్చిన ఫలానా నంబరు కాగితం' అంటే చాలు.

తర్వాత, 'ఎవరికీ చెప్పకూడదు' అని రాసి ఆగిపోకండి. యూనిట్ ఓనరు ఎవరికీ చెప్పకుండా తనే చేసి అమ్ముకుంటే? 'మా ఆర్డర్లకు తప్ప వాడకూడదు' అన్న మాట విడిగా ఉండాలి. పాళ్లు తెలిసే పనివాళ్ల చేత కూడా యూనిట్ ఇలాంటి కాగితం రాయించుకోవాలని చేర్చండి.

ముందే తెలిసినవి, అందరికీ తెలిసిపోయినవి, కోర్టు అడిగితే చెప్పాల్సినవి మినహాయింపులు. ధరల వివరాలకు మూడేళ్లో అయిదేళ్లో గడువు పెట్టొచ్చు. పాళ్లకు మాత్రం రహస్యంగా ఉన్నంతకాలం అని రాయించండి. పని ఆగిపోతే కాగితాలు, ఫోన్లో ఉన్న ఫొటోలతో సహా, ఎన్నిరోజుల్లో తిరిగివ్వాలో చెరిపేయాలో కూడా ఉండాలి.

కోపంగా రాసే రెండు క్లాజులు పెద్దగా పనిచేయవు. కాంట్రాక్టు అయిపోయాక కూడా 'పచ్చళ్ల వ్యాపారమే చేయకూడదు' అంటే కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద చెల్లదు. జరిమానా కోటి రూపాయలని రాసుకున్నా, 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఇప్పించేది ఆ అంకెకు లోబడి సబబైన పరిహారమే. దానికన్నా, ఉల్లంఘన జరిగితే ఇంజంక్షన్ (ఆ పని ఆపమనే కోర్టు ఉత్తర్వు) కోరవచ్చన్న వాక్యం ఎక్కువ అక్కరకొస్తుంది.

స్టాంపు డ్యూటీ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, డాక్యుమెంట్ రైటర్‌నో లాయర్‌నో అడగండి. అది తక్కువైతే లోటు, పెనాల్టీ కట్టేదాకా కోర్టు ఆ కాగితాన్ని సాక్ష్యంగా తీసుకోదు. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఇద్దరు సాక్షులుంటే మంచిది.

సంతకాలు అయ్యేదాకా రుచి చూపించండి, పాళ్లు చెప్పకండి. ఆ తర్వాత కూడా ఏ కాగితం ఎవరికి ఏ రోజు ఇచ్చారో రాసిపెట్టుకోండి. వీలైతే మసాలా మీరే కలిపి ప్యాకెట్లుగా పంపండి, ముక్కలు, నూనె వాళ్లు చూసుకుంటారు.