ఇంగ్లీషులో నొక్కి చెప్పడం – 6వ పాఠం: ‘రవే తెచ్చాడు’ అనాలంటే

‘వెరీ’, ‘సో’, ‘టూ’ అనే మాటలు గుణం తీవ్రతను ఎలా పెంచుతాయో గత పాఠంలో చూశాం. ఈసారి వాక్యంలోని ఒక మనిషినో, సమయాన్నో, పనినో ప్రత్యేకంగా ఎత్తి చూపే పద్ధతులను పరిశీలిద్దాం. తెలుగులో ఈ పనిని చాలావరకు ‘ఏ’ అనే ప్రత్యయం ఒక్కటే నెట్టుకొస్తుంది. ఇంగ్లీషులో అలాంటి ప్రత్యయం లేదు కాబట్టి, ఎందుకు నొక్కుతున్నామో ముందే తేల్చుకోకపోతే సరైన రూపం దొరకదు.

‘ఉత్తరం రవే తెచ్చాడు’ అన్న వాక్యాన్ని తీసుకుందాం. తెచ్చింది కిరణ్ అని ఎదుటివారు పొరబడినప్పుడు, ఆ పొరపాటును దిద్దడానికి ‘ఇట్ వజ్ రవి హూ బ్రాట్ ద లెటర్’ అంటాం. ఉత్తరం వచ్చిందన్న సంగతి ఇద్దరికీ తెలిసి, తెచ్చిందెవరన్నదే తేలనప్పుడు ఈ రూపం చక్కగా అమరుతుంది. ఉత్తరం సంగతే ఎరగనివారితో మాట మొదలుపెట్టడానికి మాత్రం పనికిరాదు. మరొకరి చేత పంపకుండా తానే స్వయంగా తెచ్చాడని చెప్పదలిస్తే ‘రవి బ్రాట్ ద లెటర్ హిమ్‌సెల్ఫ్’ అనాలి. అందరూ తలా ఒక ఉత్తరం తేవలసి ఉండగా అతనొక్కడే తెచ్చాడన్నది మన భావమైతే ‘ఓన్లీ రవి బ్రాట్ ఎ లెటర్’ సరిపోతుంది.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఈ ‘ఓన్లీ’ దగ్గరే. ‘రవే’ అన్న అలవాటు కొద్దీ దానిని పేరు తరువాత చేర్చి ‘రవి ఓన్లీ బ్రాట్ ద లెటర్’ అంటే, ఇంగ్లీషు పాఠకుడు ఆ మాటను సాధారణంగా క్రియకు ముడిపెట్టి, రవి ఉత్తరం తెచ్చాడంతే, రాసింది అతను కాదు అన్నట్టు అర్థం చేసుకుంటాడు. కనీసం రాతలోనైనా ‘ఓన్లీ’ని నొక్కదలచిన మాటకు సరిగ్గా ముందు ఉంచడం క్షేమం.

అసలు తేనేలేదని ఎవరైనా వాదిస్తే నొక్కు క్రియ మీదికి మారుతుంది: ‘రవి డిడ్ బ్రింగ్ ద లెటర్’. భూతకాలాన్ని ‘డిడ్’ మోస్తుంది కనుక దాని పక్కన ‘బ్రాట్’ రాకూడదు. ఎవరూ కాదనని చోట ఈ రూపాన్ని వాడితే లేని తగవును తెచ్చిపెట్టినట్టు వినిపిస్తుంది.

కాలం విషయంలో మరికొంత జాగ్రత్త అవసరం, ఎందుకంటే మన ‘నిన్ననే’కు రెండు ముఖాలున్నాయి. ‘నిన్ననే వచ్చాను’ అంటే వచ్చి ఎంతో కాలం కాలేదని భావం, అందుకు ‘ఐ కేమ్ ఓన్లీ యెస్టర్‌డే’ సరైనది. ‘నిన్ననే చెప్పాను కదా’ అన్నప్పుడు ఇంతకుముందే చెప్పేశానన్న విసుగు ధ్వనిస్తుంది. అక్కడ ‘ఓన్లీ’ పెడితే అర్థం తలకిందులవుతుంది, ‘ఐ ఆల్రెడీ టోల్డ్ యూ యెస్టర్‌డే’ అనాలి. మనదేశంలో విరివిగా వినిపించే ‘యెస్టర్‌డే ఇట్‌సెల్ఫ్’ ఇక్కడివారికి ఇట్టే అర్థమవుతుంది గాని, బయటివారికి వింతగా తోస్తుంది. ‘సరిగ్గా ఆ రోజే’ అనడానికి ‘దట్ వెరీ డే’ ఉంది. నామవాచకం ముందు వచ్చిన ఈ ‘వెరీ’కి గత పాఠంలోని ‘చాలా’ అనే అర్థం ఉండదు.

అభ్యాసం: ‘తలుపు సీతే తీసింది’ అన్న వాక్యాన్ని మూడు సందర్భాలకు తగినట్టు ఇంగ్లీషులో రాయండి: తీసింది లత అని ఒకరు అన్నప్పుడు, పనిమనిషిని పిలవకుండా సీత స్వయంగా లేచి తీసినప్పుడు, తలుపు ఎవరూ తీయనేలేదని ఒకరు వాదించినప్పుడు. జవాబులను 7వ పాఠం మొదట్లో సరిచూసుకుందాం.