బేక్డ్ పాస్తా అడుగున నీళ్లు, పైన ఎండిపోవడం: నాకు పనిచేసిన పద్ధతి

గరిటె దించగానే మూలల్లో పల్చటి నీళ్లు, పైవరస పాస్తా మాత్రం గట్టిగా. వైట్ సాస్‌లో మైదా పెంచడం, చీజ్ పెంచడం, ఓవెన్‌లో ఇంకాసేపు ఉంచడం: ఏదీ పనిచేయలేదు.

అసలు తేడా కూరగాయల దగ్గరే ఉంది. పుట్టగొడుగులు, క్యాప్సికమ్ కలిపి 300 గ్రాములు వెడల్పు పెనంలో పెద్ద మంట మీద, మూత లేకుండా, ఉప్పు వేసి 8 నిమిషాలు వేయించాలి. మొదట నీరూరి సలసలా మరుగుతుంది, అక్కడ ఆపేయకండి. నీరంతా ఇగిరి, ముక్కల అంచులు ఎర్రబడ్డాకే దించాలి.

250 గ్రాముల పాస్తాని ప్యాకెట్ మీది సమయానికి 3 నిమిషాల ముందే వార్చాలి. మిగతా ఉడుకు సాస్‌లోనే పూర్తవుతుంది, అందుకే సాస్ జారుగా ఉండాలి: 30 గ్రాముల వెన్న, అంతే మైదా, 600 మి.లీ. పాలు.

అన్నీ కలిపి, ఫాయిల్ మూసి 190 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు. తర్వాత ఫాయిల్ తీసి, 100 గ్రాముల చీజ్ చల్లి మరో 10 నిమిషాలు. బయటికి తీశాక 10 నిమిషాలు కదపకూడదు, సాస్ చిక్కబడేది అప్పుడే.

టమాటా సాస్‌తో ఈ కొలతలు కుదరకపోవచ్చు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి గిన్నెకైతే ఫాయిల్ కింద ఇంకాస్త సమయం పడుతుంది.